ఆఖరి గాటు

తాళాల దుకాణం,
మార్చి 4

తమ్ముడికి,

నిన్న సాయంత్రం ఏడింటికి మంగలి దుకాణంలో టీవీలో నిన్ను చూశాను. గడ్డం గీయించుకునేవాళ్లు సగంలో ఆపించుకుని మరీ విన్నారు. కాస్త ఒళ్లు చేశావు.

వ్యవస్థీకృత నేరం తలుపు బద్దలు కొట్టుకుని రాదు, తాళంచెవితో వస్తుంది అన్నావు. కాపలా సంస్థల ముసుగులో ముఠాలు ప్రతి దుకాణం నుంచీ రెండో తాళంచెవి తీసుకుంటాయన్నావు. అంతవరకు సరే. ఆ చెవులు కోసి ఇచ్చే తాళాల మనిషే ముఠాకి మొదటి మెట్టు అని కూడా అన్నావు. ఆ మాట అంటూ జేబులోంచి మన దుకాణం తాళంచెవి తీసి కెమెరా ముందు ఆడించావు.

ఈ మార్కెట్లో దుకాణాలు నలభై రెండు. తాళాల మనిషిని నేనొక్కదాన్నే. మంగలి కత్తి ఆపి అద్దంలోంచి నావైపు చూశాడు. మిగతావాళ్లు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు.

రెండో చెవి సంగతి నీకు చెప్పింది నేనే. పోయిన వానల్లో పైకప్పు కారుతోందని చూడటానికి వచ్చినప్పుడు, అన్నం తింటూ అడిగావు, చెప్పాను. బల్ల కింద చిన్న పుస్తకం పెట్టుకుని రాసుకుంటున్నావని తెలియలేదు. తెలియాల్సింది. చిన్నప్పుడు అమ్మ "ఎవరికీ చెప్పకురా" అన్న మాటనే నువ్వు వీధి చివరింటి నుంచి మొదలుపెట్టి చెప్పుకుంటూ వచ్చేవాడివి. నాన్న నిన్ను రేడియో అని ఊరికే పిలవలేదు.

నాన్న దగ్గర ఆర్నెల్లు పని నేర్చుకున్నావు. ఒక్క ముక్కా ఎక్కలేదని నిన్నటితో తేలింది.

ఫోన్ చేయకు. ఫోన్లో అయితే మధ్యలో అందుకుంటావు. ఉత్తరాన్ని మధ్యలో ఆపలేవు.

ఆ తాళంచెవిని మళ్లీ టీవీలో ఆడించకు.

అక్క

*

విశ్వవిద్యాలయం, నేరశాస్త్ర విభాగం,
మార్చి 13

అక్కకి నమస్కారం.

నీ ఉత్తరాన్ని మా గుమాస్తా పదిమందిలో తెచ్చి ఇచ్చాడు. ఇంకా ఉత్తరాలు రాసేవాళ్లున్నారా సార్ అని నవ్వాడు. ఉన్నారు, తీరిగ్గా తిట్టాలనుకునేవాళ్లు రాస్తారు అన్నాను.

నేను ఏ ఊరి పేరూ ఎత్తలేదు. ఏ మనిషి పేరూ ఎత్తలేదు. ఇలాంటి మార్కెట్లు వందలున్నాయి, నలభైకి పైగా నేనే తిరిగి చూశాను. ముఠా బలం కత్తుల్లో లేదు, మామూలు మనుషుల సహకారంలో ఉంది. ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్న మాట ఇది. నిన్ను చూసి పుట్టించింది కాదు. అది నీకు తగిలిందంటే ఎందుకు తగిలిందో నువ్వే ఆలోచించుకోవాలి.

ఎటూ నువ్వే మొదలుపెట్టావు కాబట్టి అడుగుతున్నాను. నాలుగేళ్లుగా వాళ్లకి చెవులు కోసి ఇస్తున్నావా లేదా? ఇష్టపడి ఇచ్చావా, భయపడి ఇచ్చావా అన్నది నీకూ దేవుడికీ మధ్య సంగతి. పొద్దున్నే గంటసేపు ప్రార్థన చేసి, లేచి అదే చేతుల్తో ఆకురాయి పట్టుకుని ఆ పని ఎలా చేస్తావో నాకు అర్థం కాదు. నా శాస్త్రంలో దానికి సమాధానం లేదు.

నాన్న దగ్గర నేర్చుకున్నది ఒకటి గుర్తుంది. బల్లమీద ఇనుపరజను తుడిచేదాకా అన్నం పెట్టేవాడు కాదు. అంతకుమించి నేర్చుకోవడానికి ఆయన చెప్పిందేముంది, చూసి నేర్చుకోమనేవాడు. నాకు చూడటం కంటే అడగటం అలవాటు.

ఆ తాళంచెవి సంగతి. ఇల్లు వదిలిన రోజు నువ్వే చేసి ఇచ్చావు. ఎప్పుడొచ్చినా ఈ తలుపు నీదే అన్నావు. ఇరవై ఆరేళ్లుగా నా జేబులో ఉంది. ఎవరికి చూపించాలో నన్ను నిర్ణయించుకోనీ.

మీ మార్కెట్లో కాపలా నాయకుడెవరు, ఎలా మాట్లాడతాడు, చెవులు ఎక్కడ పెడతాడు రాసి పంపు. పుస్తకం రాస్తున్నాను. నీ పేరు రాదు.

తమ్ముడు

*

తాళాల దుకాణం,
ఏప్రిల్ 2

తమ్ముడికి,

కోపంతో కూర్చుంటే ప్రార్థన కుదరదు. కుదిరేదాకా ఆగి రాస్తున్నాను. కోపం మాత్రం పోలేదు.

నువ్వు అడిగినవన్నీ రాస్తాను. పుస్తకంలో వేసుకో.

కాపలావాళ్లందరికీ నీలం చొక్కాలు. వాళ్ల నాయకుడిని మార్కెట్టంతా పెద్దచొక్కా అంటుంది. ఎదురుగా కాదు. చెవులన్నీ వాళ్ల ఆఫీసులో చెక్క బోర్డుకి, దుకాణం అంకె కింద, చిన్న మేకులకి వేలాడుతుంటాయి. ఎవరైనా వెళ్తే ముందు కనపడేది అదే.

ఎలా మాట్లాడతాడో అడిగావు. మొన్న పగలు పదకొండింటికి వచ్చాడు. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని అడిగాడు.

"మీ తమ్ముడుగారు బాగా మాట్లాడతారు అక్కగారూ. మాకూ గర్వంగా ఉంది."

"చిన్నప్పటి నుంచీ అంతే."

"ఇంకేదైనా సంగతి మీద మాట్లాడమనండి. నేరాలకేం కరువా?"

నేను పని ఆపలేదు. అతను బల్లమీది ఆకురాయి తీసి, పదునెంత ఉందో బొటనవేలితో చూసుకుని, తీసిన చోట కాకుండా కిటికీ మీద పెట్టి వెళ్లిపోయాడు. నాన్న హయాం నుంచీ ఆ ఆకురాయి ఒక్క చోటే ఉండేది. చీకట్లో చెయ్యి చాపినా దొరికేది.

సహకారం అన్నావు. పక్క దుకాణం దర్జీ రెండో చెవి ఇవ్వనన్నాడు. రెండేళ్ల కిందట. పట్టపగలు గునపంతో తలుపు పగలగొట్టి కుట్టుమిషన్ తెచ్చి వీధిలో పడేశారు. ఆ వీధిలో నేనూ నిలబడి ఉన్నాను. మర్నాడు దర్జీ తనే చెవి తెచ్చి నా బల్లమీద పెట్టాడు. "కోసెయ్యండి అక్కగారూ" అన్నాడు. పక్కన నీలం చొక్కా నిలబడి ఉంది. కోశాను. మీ శాస్త్రంలో అది సహకారం.

ఇక నేను అడిగేది ఒకటుంది. నీ కార్యక్రమానికి ముందూ, మధ్యలో నువ్వు మంచినీళ్లు తాగే వేళా ఒక ప్రకటన వస్తుంది. ఒకతను పసిపాపని ఎత్తుకుని నవ్వుతుంటాడు. మీరు నిద్రపోండి, మేం మేలుకుని ఉంటాం అంటాడు. అదే నీలం చొక్కా. జేబుమీద అదే గుర్తు.

నీకు తెలియదని మాత్రం రాయకు.

అక్క

*

ఇంటి దగ్గర, మేడమీద గది,
ఏప్రిల్ 15

అక్కకి,

తెలుసు.

ప్రకటనలు చూసుకునే విభాగం వేరు. వాళ్లు నన్ను అడగరు, నేను వాళ్లని అడగను. ఇది ఎక్కడైనా ఉన్నదే. ఆ సంస్థకి దేశమంతా శాఖలున్నాయి. ఒక మార్కెట్లో ఒక పెద్దచొక్కా చేసిన పనికి మొత్తం సంస్థని తిట్టడానికి నా దగ్గర రుజువు లేదు. నా దగ్గరున్నది మా అక్క ఉత్తరం. పేరు ఎత్తానా, వచ్చే మంగళవారానికి ఆ కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు. వాడు నేనన్న దాంట్లో పావు వంతు కూడా అనడు. ఆ కుర్చీ దక్కించుకోవడానికి నాకు పదకొండేళ్లు పట్టింది.

నన్ను దోషిని చేసి నువ్వు కడిగిన ముత్యంలా కూర్చోవడం నాకు నచ్చలేదు. చిన్నప్పటి నుంచీ ఇదే. నువ్వు మాట్లాడవు, అందుకని తప్పు ఎప్పుడూ మాట్లాడేవాడిదే. నాన్న కూడా అలాగే చూశాడు. నువ్వు నలభై రెండు తలుపులు వాళ్ల చేతిలో పెట్టావు అక్కా. నేను మాటలే పెట్టాను.

భయంగా ఉంటే దుకాణం మూసి ఇక్కడికి వచ్చేయి. ఈ మేడమీద గది ఖాళీయే. మీ మరదలు కూడా అదే అంటోంది. ఇక్కడ అయితే మెట్లెక్కాలి, నీ మోకాళ్లకి కష్టం. అది తప్ప ఇబ్బంది లేదు.

తమ్ముడు

*

తాళాల దుకాణం,
మే 6

తమ్ముడికి,

నాకు మెట్లు వద్దు.

నలభై రెండు తలుపులు అన్నావు. నీ ఒక్కడికే ఒక మాట చెబుతాను. దర్జీకి కూడా తెలియదు. ఎవరికీ చెప్పకు.

తాళం ఎదురుగా లేనిదే చెవికి ఆఖరి గాటు పెట్టకూడదు. ఇది నాన్న నియమం. చెవి ఒక్కటే పట్టుకొచ్చి ఇలాంటిదే ఇంకోటి కావాలన్నవాడికి అన్ని పళ్లూ కోసి ఇచ్చేవాడు, చివరిది మాత్రం వెంట్రుకవాసి ఎత్తుగా వదిలేసేవాడు. తాళం తెచ్చుకోండి, పెట్టి చూసి సరిచేస్తాను అనేవాడు. సొంతదారు మర్నాడు తాళంతో వస్తాడు. దొంగ రాడు. నువ్వు చూసి నేర్చుకోలేదు. నేను నేర్చుకున్నాను.

నీలం చొక్కాలు మనిషినీ చెవినీ తెచ్చారు. తాళం ఎవరూ తేలేదు. నేను తెమ్మని అనలేదు.

ఆ బోర్డుమీద ఉన్నవాటిలో ఒక్కటీ తలుపు తెరవదు. తాళంలో చక్కగా దూరుతుంది. తిరగదు. నాలుగేళ్లలో వాళ్లు ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు. చూసే అవసరం రాలేదు. చెవి ఇచ్చేశానన్న భయంతో మనిషి ఎటూ కదలడు. ఇవ్వనివాడికి గునపం ఉంది.

వాళ్లకి తెలిసిన రోజున నా గతి ఏమిటో నాకు తెలుసు. రోజూ పొద్దున ఆ గంటసేపు నేను అడిగేది ఆ రోజుకి ధైర్యం.

మంగళవారం నీ కార్యక్రమం ఉందని గుర్తుంది. అక్కడ అసలు చెప్పకు.

అక్క

*

ఇంటి దగ్గర,
మే 14

అక్కా,

చెప్పేశాను.

నువ్వు చూసే ఉంటావు. చూడకపోతే ఎలా జరిగిందో విను. నా పక్కన ఒక విశ్రాంత పోలీసు అధికారిని కూర్చోబెట్టారు. ఆయన నా మార్చి నెల మాటలు కాగితం మీద రాసుకొచ్చి నాకే చదివి వినిపించాడు. "సారు చెప్పింది అక్షరాలా నిజం. ముందు ఈ తాళాలవాళ్లని లోపల వేయాలి, మిగతాది దానంతటదే సర్దుకుంటుంది" అన్నాడు. కార్యక్రమం నడిపే అమ్మాయి నావైపు తిరిగి, అంతేనా ప్రొఫెసర్ గారూ అంది. అంతే అనాలి.

జేబులోంచి తాళంచెవి తీసి బల్లమీద పెట్టాను. నాన్న నియమం చెప్పాను. ఒక మార్కెట్లో నలభై రెండు చెవులు బోర్డుకి వేలాడుతున్నాయని, వాటిలో ఒక్కటీ తిరగదని, నాలుగేళ్లుగా దుకాణాలవాళ్లందరూ ఉత్త బోర్డుకి భయపడుతున్నారని చెప్పాను. ఆ చెవులు కోసిన మనిషి ముఠాకి మొదటి మెట్టు అని నేను అన్నది తప్పన్నాను. ఆ మనిషి మా అక్క అన్నాను. ఎవరి బోర్డు అని ఆ అమ్మాయి అడిగింది. సంస్థ పేరు చెప్పాను. వెంటనే ప్రకటన వేశారు. ఆ పసిపాప.

మళ్లీ నన్ను కెమెరా ముందుకి రానివ్వలేదు. మంగళవారాలు ఇక అక్కర్లేదని మర్నాడు ఫోన్ చేసి చెప్పారు. అది పోనీ.

ఆ సాయంత్రం స్టూడియో మెట్లు దిగుతుంటే నీ ఉత్తరంలో ఆఖరి మాట గుర్తొచ్చింది. అసలు చెప్పకు. నీ మీద పడ్డ మచ్చ కడిగేశాననుకుని దిగుతున్నవాడిని మధ్యలో చతికిలబడ్డాను. చెప్పకు అన్నది ఎందుకో అప్పుడు తెలిసింది.

దుకాణం ఫోన్ ఎవరూ ఎత్తడం లేదు. మంగలి నంబరు నా దగ్గర లేదు. ఒక్క ముక్క రాయి.

తమ్ముడు

*

ఇంటి దగ్గర,
మే 27

అక్కా,

అక్కడి పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేశాను. మనిషి క్షేమమే అన్నారు. ఎవరు క్షేమం అంటే, అందరూ అన్నారు. వాళ్ల మాట మీద నాకెంత నమ్మకమో నా పుస్తకాలన్నిట్లో రాశాను.

బయల్దేరుదామంటే మీ మరదలు ఆపింది. వెళ్లి ఇంకేం మాట్లాడతారు అంది.

తిట్టు. కానీ రాయి.

తమ్ముడు

*

తాళాల దుకాణం,
జూన్ 9

తమ్ముడికి,

చేతిరాత చూసి కంగారు పడకు. మాట నాది, రాత దర్జీది. నా కుడిచేతికి కట్టు ఉంది. రెండు వేళ్లు.

ఆ సాయంత్రం నేను మంగలి దుకాణానికి వెళ్లలేదు. మన దుకాణంలోనే, షట్టరు పూర్తిగా ఎత్తిపెట్టి, ప్రార్థన చేసుకుంటూ కూర్చున్నాను. మంగలి దుకాణంలో ఉన్నట్టుండి మాటలు ఆగిపోయాయి. కాసేపటికి ఎవరో నవ్వారు. తర్వాత ఇంకొకరు. చెప్పావని అప్పుడు తెలిసింది.

పది నిమిషాల్లో పెద్దచొక్కా ఇద్దరితో వచ్చాడు. అదే స్టూలు మీద కూర్చున్నాడు.

"నిజమేనా అక్కగారూ?"

"నిజమే."

"నాలుగేళ్లు మమ్మల్ని చూసి నవ్వుకున్నారన్నమాట."

"నవ్వుకోలేదు బాబూ. భయపడ్డాను."

నాన్న సుత్తి బల్లమీదే ఉంది. దాన్నే వాడారు. నేను అరిచానని దర్జీ అంటున్నాడు. నాకు గుర్తులేదు. అతను కత్తెర పట్టుకుని వచ్చాడు. వెనకే మంగలి, మంగలి వెనక సగం గడ్డం, ముఖాన నురగతో ఒక లావుపాటి మనిషి. ఆ మనిషి ఎవరో ఇప్పటికీ తెలియదు. తర్వాత వీధి నిండిపోయింది. పెద్దచొక్కా అందరినీ చూసి, లేచి, స్టూలు జరిపి, వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ఎవరూ దుకాణాలు తెరవలేదు. ఎవరి తాళం ఎదుట వాళ్లు నిలబడి, చెవి తెచ్చి తిప్పి చూపించమన్నారు. పెద్దచొక్కా రాకపోయి ఉంటే అక్కడితో అయిపోయేది. వచ్చాడు. అతనికీ నమ్మకం కుదరలేదేమో. మొదట దర్జీ తాళంలో పెట్టాడు. తిరగలేదు. మంగలిది. తిరగలేదు. ఏడో దుకాణం దగ్గర ఎవరో అంకె పైకి అన్నారు. ఇరవయ్యో దుకాణానికి మార్కెట్టంతా గొంతు కలిపింది. నేను స్టూలు మీద కూర్చుని విన్నాను. నలభై రెండు దాకా విన్నాను.

(అక్కగారు ఆ అంకెని ఇంకోసారి పైకి అన్నారు. ఈ మాట రాయమనలేదు, నేనే రాశాను. దర్జీ.)

నీలం చొక్కాలు పోలేదు. తగ్గాయి. సందు మొదట్లో నిలబడుతున్నారు, లోపలికి రావడం లేదు. పోలీసులు వచ్చి రాసుకుని వెళ్లారు. నువ్వు పేరు చెప్పావు కాబట్టి రాసుకున్నారని మంగలి అంటాడు. ఆ చెక్క బోర్డు అతని దుకాణంలోనే ఉంది. దువ్వెనలు వేలాడదీశాడు.

ఇక నీ సంగతి.

మెట్లమీద చతికిలబడ్డానని రాశావు. లే. నేను చెప్పకు అన్నది నువ్వు చెప్పాలనే. ఒకసారి అంటే చాలదని రెండుసార్లు రాశాను.

నేనే బయటపెట్టాలంటే ఒక్కొక్కరికీ చెవిలో చెప్పాలి. మూడోవాడికి చేరేలోపు పెద్దచొక్కాకి చేరుతుంది. నలభై రెండు దుకాణాలూ ఒక్క నిమిషంలో వినాలి. పైగా నేను చెబితే ముసలిదానికి మతి తప్పిందంటారు. కోటు వేసుకున్నవాడు చెబితే నమ్ముతారు. ఏం జరుగుతుందో తెలిసే షట్టరు ఎత్తిపెట్టి కూర్చున్నాను. నిన్ను నమ్మి చెప్పాననుకోకు. నిన్ను వాడుకున్నాను. నువ్వు నన్ను అన్నం దగ్గర వాడుకున్నావు.

మొదటి మెట్టు అన్న మాట నాకింకా మానలేదు. వేళ్లు ముందు మానేలా ఉన్నాయి. తప్పని టీవీలో ఒప్పుకున్నావట. నాకు చెప్పలేదు.

సంస్థ పేరు చెబుతావని మాత్రం అనుకోలేదు. ప్రార్థనలో కూడా అడగలేదు, దక్కదని. ఆ ఒక్కటి నీ అంతట నువ్వు చేశావు. కుర్చీ పోయిందని విన్నాను. దానికి నేను బాధపడటం లేదు.

ఇంకొకటి. నీ జేబులో తాళంచెవి.

ఆ రోజు బస్సు వేళైందని తొందరపెట్టావు. తాళం దగ్గరికి రా, పెట్టి చూసి ఇస్తాను అన్నాను. బాగానే ఉంటుందిలే అక్కా అని బల్లకున్న వైస్ బిగింపులోంచి లాక్కుని పరుగెత్తావు. నియమం నియమమే. తమ్ముడివైనా ఆఖరి గాటు పెట్టలేదు. నువ్వు వచ్చిన ప్రతిసారీ తలుపు నేనే తీశాను, నీకు తిప్పే అవసరం రాలేదు. ఇరవై ఆరేళ్లు జేబులో మోశావు, దేశానికంతటికీ చూపించావు. అది తిరగదు.

కట్టు విప్పడానికి ఆరు వారాలట. అప్పుడు రా. తలుపు నేను తీయను. వీధిలో నిలబడి, చెవి తాళంలో పెట్టి, తిరగదని నీ చేత్తో చూసుకో. అక్కడ చెప్పాల్సిన మాట ఏదైనా ఉంటే నాకు చెప్పు. కెమెరా ఉండదు.

ఆ తర్వాత తలుపు తీస్తాను, లోపలికి వచ్చి చెవి నా బల్లమీద పెట్టు.

ఆకురాయి మళ్లీ దాని చోట్లో పెట్టాను.

అక్క